ముందు తెర, తర్వాత పెట్టె

సికింద్రాబాద్ సీటీసీ కావచ్చు, చెన్నై రిచీ స్ట్రీట్ కావచ్చు, కంప్యూటర్ విడిభాగాలు అమ్మే ఏ మార్కెట్‌కు వెళ్లినా కౌంటర్ అవతలి నుంచి సాధారణంగా వచ్చే మొదటి ప్రశ్న "బడ్జెట్ ఎంత?" అని. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. కానీ దానికి ఒక అంకె చెప్పి ఊరుకున్న కుర్రాడి చేతికి కాసేపట్లో ఓ కొటేషన్ కాగితం వస్తుంది. అందులోని వస్తువులన్నీ ఆ అంకెకు సరిపోతాయి. అతను ఆడబోయే ఆటకు సరిపోతాయో లేదో మాత్రం ఎవరూ చూసి ఉండరు. వేసుకోవలసిన ప్రశ్నలు ఇంకో రెండున్నాయి. ఏ ఆటలు ఆడాలి? ఏ తెర మీద ఆడాలి? దుకాణంలో అడగకపోతే, ఇంట్లోంచి బయల్దేరే ముందే కొనేవారు తమకు తామే వేసుకోవాలి.

ఈ ప్రశ్నలు వేసుకోకపోతే ఏమవుతుందో ఆన్‌లైన్‌లో విరివిగా కనిపించే ఒక రకం ప్రకటన చూస్తే అర్థమవుతుంది. "ఐ7 గేమింగ్ పీసీ, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, రంగుల లైట్ల క్యాబినెట్." ధర చూస్తే నమ్మలేనంత తక్కువ. కింద చిన్న అక్షరాల్లో ఉన్న వివరాలు చదివితే ఆ ఐ7 చాలాసార్లు 2012లో వచ్చిన ఐ7-3770. ఆ గ్రాఫిక్స్ కార్డు 2014 నాటి జీటీ 730. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్ల ఆ పాత ఐ7 కంటే, అవే నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లతో 2022 జనవరిలో వచ్చిన ఐ3-12100ఎఫ్ ఎంతో వేగంగా పనిచేస్తుంది. పదేళ్లలో ఒక్కో కోరు చేయగలిగే పని అంతగా పెరిగింది. జీటీ 730 సంగతి ఇంకా దయనీయం. ఆ తరం కార్డులకు కొత్త ఆటల డ్రైవర్లు ఇవ్వడం ఎన్విడియా 2021లోనే మానేసింది. 4 జీబీ అని రాసి ఉన్నా ఆ మెమరీ నెమ్మదైన రకం కాబట్టి, కొత్త ఆటల్లో ఆ అంకె వల్ల ఒరిగేదేమీ ఉండదు.

అక్కడితో కథ అయిపోదు. విండోస్ 11 ఆ పాత ప్రాసెసర్‌ను అధికారికంగా అంగీకరించదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 మీద వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సౌకర్యాలు రెండూ ఉండి తీరాలి. ఇంట్లో నెలనెలా దాచిపెట్టి ఇచ్చిన డబ్బు ఇలాంటి పెట్టెలో పోవడం బాధాకరం. కాస్త తెలుసుకుని ఉంటే అదే డబ్బుకు మరికొంత జోడించి, అయిదేళ్లు నిలిచే యంత్రం తెచ్చుకోవచ్చు.

ఎంపిక ఆటల నుంచి మొదలవ్వాలి. స్థూలంగా ఇవి రెండు రకాలు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి పోటీ ఆటల్లో బొమ్మ అందం కంటే స్పందన వేగం ముఖ్యం. అందుకే వాటిని తక్కువ సెట్టింగుల్లో, సెకనుకు వీలైనన్ని ఎక్కువ ఫ్రేములతో ఆడతారు. అలా ఆడినప్పుడు భారం ఎక్కువగా ప్రాసెసర్ మీద పడుతుంది. సైబర్‌పంక్ 2077, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 లాంటి కథా ప్రధానమైన ఆటల్లో వెలుగునీడలు, నీళ్లు, చెట్లు, దూరపు కొండలు అన్నీ గీయాల్సింది గ్రాఫిక్స్ కార్డు. అక్కడ భారం దానిదే. ఎల్డెన్ రింగ్‌లోనైతే తయారీదారులే సెకనుకు 60 ఫ్రేముల హద్దు పెట్టారు. ఎక్కువ సమయం అదే ఆడేవారు 165 హెర్ట్జ్ మానిటర్ కోసం అప్పు చేయనక్కర్లేదు.

రెండో ప్రశ్న తెర. దీన్ని చాలామంది చివరికి వదిలేస్తారు, అసలు లెక్కంతా ఇక్కడే ఉంది. 1080పీ తెర మీద దాదాపు 20.7 లక్షల చుక్కలుంటాయి. 1440పీ మీద 36.9 లక్షలు. 4కే మీద 82.9 లక్షలు. ప్రతి ఫ్రేములోనూ ఆ చుక్కలన్నింటికీ రంగు నింపాల్సింది గ్రాఫిక్స్ కార్డే కాబట్టి, తెర స్పష్టత పెరిగిన కొద్దీ కార్డు ఖర్చు పెరుగుతుంది. ఇక రిఫ్రెష్ రేటు. 60 హెర్ట్జ్ తెర ఒక్కో బొమ్మను 16.7 మిల్లీసెకన్లు నిలిపి ఉంచుతుంది, 144 హెర్ట్జ్ తెర 6.9 మిల్లీసెకన్లే ఉంచుతుంది. పోటీ ఆటలు ఆడేవారికి ఈ తేడా కంటికి, చేతికి స్పష్టంగా తెలుస్తుంది. ఇంట్లో ఉన్న పాత 60 హెర్ట్జ్ మానిటర్‌నే వాడదలిస్తే సెకనుకు 200 ఫ్రేములిచ్చే కార్డు కొని ప్రయోజనం తక్కువ. చేతిలో డబ్బు పరిమితంగా ఉన్న తొలిసారి కొనుగోలుదారుకు 1080పీ, 144 లేదా 165 హెర్ట్జ్ మానిటర్ ఇప్పటికీ తెలివైన ఎంపిక. దాన్ని లక్ష్యంగా పెట్టుకుంటే మిగతా విడిభాగాలు ఒక్కొక్కటిగా వాటంతటవే తేలిపోతాయి.

ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డు. పెట్టె ఖర్చులో పెద్ద వాటా దీనిది, మోసపోవడానికి అవకాశం కూడా ఇక్కడే ఎక్కువ. కార్డు మీది పెద్ద అంకె ఇంటిపేరు లాంటిది: ఏ కుటుంబమో చెబుతుంది, మనిషి ఎవరో చెప్పదు. ఆర్‌టీఎక్స్ 3050 పేరుతో 8 జీబీ కార్డూ ఉంది, 2024లో వచ్చిన 6 జీబీ కార్డూ ఉంది. తేడా మెమరీ ఒక్కటే అనుకుంటారు. నిజానికి మొదటిదాంట్లో 2,560 కోర్లుంటే రెండోదాంట్లో 2,304. మెమరీకి దారి కూడా 128 బిట్ల నుంచి 96 బిట్లకు కుదించారు. ఆర్‌టీఎక్స్ 3060లోనూ అంతే. 12 జీబీ రకానికి 192 బిట్ల దారి, తర్వాత వచ్చిన 8 జీబీ రకానికి 128. ఆర్‌ఎక్స్ 580 అని తక్కువ ధరకు అమ్మే కార్డుల్లో చాలావాటి వెనక "2048ఎస్‌పీ" అని చిన్నగా ఉంటుంది. అసలు 580లో 2,304 స్ట్రీమ్ ప్రాసెసర్లుండాలి. 2,048 అనేది దాని తమ్ముడైన 570 లెక్క.

అలాగని తక్కువ రకాలన్నీ పనికిరానివి కావు. 6 జీబీ 3050 కేవలం 70 వాట్లతో నడుస్తుంది, చాలా మోడళ్లకు విడిగా పవర్ వైరు కూడా అక్కర్లేదు. ఆఫీసు కంప్యూటర్‌ను తక్కువ ధరకు కొని దాంట్లో కార్డు వేసుకోదలిచినవారికి అది నిజంగా ఉపయోగపడే వస్తువే. కాకపోతే 8 జీబీ రకం సమీక్షలు చూసి 6 జీబీ రకం కొనకూడదు. 2022 జనవరిలో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కథ కూడా తెలుసుకోదగ్గది. దానికున్నవి నాలుగు పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్లే. 4.0 బోర్డులో పెడితే ఫర్వాలేదు. 3.0 మాత్రమే ఉన్న పాత బోర్డులో పెడితే, దానికున్న 4 జీబీ మెమరీ నిండిన ఆటల్లో వేగం బాగా పడిపోతుంది. తక్కువ ధర కార్డు కొనేది పాత బోర్డున్నవారే కదా. అంటే ఎవరికోసం వచ్చిందో వాళ్లకే ఎక్కువ నష్టం చేసింది.

మెమరీ ఎంత ఉండాలన్నది తరచూ వచ్చే అనుమానం. 4 జీబీ కాలం గడిచిపోయింది. 1080పీకి 8 జీబీ కనీసం, అదీ కొత్త ఆటల్లో టెక్స్‌చర్లు ఒక మెట్టు తగ్గించుకోవడానికి సిద్ధపడితేనే. 2023 మార్చిలో ద లాస్ట్ ఆఫ్ అస్ మొదటి భాగం పీసీకి వచ్చినప్పుడు 8 జీబీ కార్డులు ఎక్కువ సెట్టింగుల్లో తడబడి, ఈ చర్చకు ఊపు తెచ్చాయి. 2025లో వచ్చిన ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 8 జీబీ రకం 299 డాలర్లకు, 16 జీబీ రకం 349 డాలర్లకు విడుదలైంది. నాలుగైదేళ్లు అదే కార్డుతో గడపాలనుకునేవారు ఆ అదనపు 50 డాలర్లు పెట్టడమే మంచిది. టెక్స్‌చర్ల నాణ్యత పెంచితే మెమరీ నిండుతుందే తప్ప, అది చాలినంత ఉన్నప్పుడు ఫ్రేములు పెద్దగా తగ్గవు. అందువల్ల ఎక్కువ మెమరీ ఉన్న కార్డు ముసలిదైనా బొమ్మ స్పష్టంగానే ఉంటుంది.

ఇంకో సంగతి కూడా మారింది. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆట రే ట్రేసింగ్ సౌకర్యం లేని కార్డుల మీద నడిచేలా తయారు కాలేదు. 2025లో వచ్చిన డూమ్: ద డార్క్ ఏజెస్ కూడా అంతే. జీటీఎక్స్ 1660 లాంటి సెకండ్ హ్యాండ్ కార్డులు పోటీ ఆటలకు ఇప్పటికీ ముచ్చటగా పనిచేస్తాయి. కొత్త కథా ఆటల మీద ఆశ ఉన్నవారు మాత్రం వాటి జోలికి పోకూడదు.

ధర సమంజసమో కాదో తేల్చుకోవడానికి తేలికైన లెక్క ఒకటుంది. కార్డు విడుదల ధర డాలర్లలో తెలుస్తుంది. దాన్ని రూపాయల్లోకి మార్చి 18 శాతం జీఎస్టీ కలపాలి. 299 డాలర్ల కార్డుకు, డాలరు 90 రూపాయలనుకుంటే, దాదాపు 31,750 వస్తుంది. మార్కెట్ ధర దానికి కాస్త అటూ ఇటూగా ఉంటే సరే. పది వేలు ఎక్కువ చెబితే ఆగి, వేరే దుకాణాల్లో అడగాలి.

రెండు కార్డుల మధ్య తేల్చుకోలేనప్పుడు చాలామంది ధరను ఫ్రేముల సంఖ్యతో భాగిస్తారు. పద్ధతి మంచిదే, సగమే మంచిది. ఉదాహరణకు 24,000 కార్డు 80 ఫ్రేములిస్తుందనుకుందాం. 33,000 కార్డు 100 ఇస్తుందనుకుందాం. మొదటిది ఫ్రేముకు 300, రెండోది 330. మొదటిదే చవక అనిపిస్తుంది. కానీ కార్డు ఒంటరిగా పనిచేయదు, మిగతా పెట్టెకు మరో 40,000 ఎలాగూ అవుతుంది. మొత్తం కంప్యూటర్ ధరతో భాగిస్తే మొదటిది ఫ్రేముకు 800, రెండోది 730. ఇలా చూస్తే కొంచెం ఖరీదైన కార్డే గిట్టుబాటు. పాత పెట్టెలో కార్డొక్కటే మార్చేవారికి మొదటి లెక్క వర్తిస్తుంది, అంతా కొత్తగా కొనేవారికి రెండోది. సమీక్షల్లో సగటు ఫ్రేములతో పాటు "1 శాతం లో" అనే అంకె కూడా ఉంటుంది. ఆటలో అతి నెమ్మదైన క్షణాలు ఎలా ఉన్నాయో అది చెబుతుంది. సగటు 100 ఉండి ఈ అంకె 35 ఉంటే, శత్రువులు ఒక్కసారిగా మీద పడ్డ క్షణంలోనే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది.

ప్రాసెసర్‌కు ఇంత మథనం అక్కర్లేదు. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు ఉన్నది మధ్యతరగతి గేమింగ్ పీసీకి సరిపోతుంది. ఏఎండీ రైజెన్ 5 5600, రైజెన్ 5 7600, ఇంటెల్ ఐ5-12400ఎఫ్ అందరికీ తెలిసిన పేర్లు. ఇక్కడ కూడా పేర్ల చివర చూడాలి. ఇంటెల్‌లో చివర "ఎఫ్" ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, కార్డు లేకుండా తెర వెలగదు. రైజెన్ 5 5500 పేరు 5600కు దగ్గరగా ఉన్నా లోపల ఎల్3 క్యాష్ 32 ఎంబీకి బదులు 16 ఎంబీయే, పీసీఐ ఎక్స్‌ప్రెస్ కూడా 3.0యే. ఇంటెల్ 13, 14 తరాల్లోని పెద్ద ప్రాసెసర్లలో వోల్టేజి సమస్య వల్ల కొన్ని పాడవడంతో 2024లో కంపెనీ మైక్రోకోడ్ సవరణ ఇచ్చి, వారంటీని రెండేళ్లు పెంచింది. వాటిని కొంటే బోర్డు బయోస్ తాజాగా ఉందని ఖాయం చేసుకున్నాకే ఆటలు మొదలుపెట్టాలి. 12వ తరానికి ఆ ఇబ్బంది లేదు.

ఇంటెల్ ఆర్క్ బీ580 కార్డు మీద మనసు పడినవారు ఒకటి గుర్తుంచుకోవాలి. 249 డాలర్లకు 12 జీబీ ఇచ్చిన మంచి కార్డు అది. కానీ పాత ప్రాసెసర్లతో జతకడితే దాని వేగం గణనీయంగా తగ్గుతుంది, బోర్డులో రీసైజబుల్ బార్ సౌకర్యం కూడా ఉండి తీరాలి. పాత పెట్టెకు కొత్త ప్రాణం పోయడానికి అది తగిన కార్డు కాదు.

బోర్డు కొనేటప్పుడు ఈ రోజుతో పాటు నాలుగేళ్ల తర్వాతి రోజు గురించి కూడా ఆలోచించాలి. ఏఎం4 సాకెట్ చరిత్రే దీనికి మంచి ఉదాహరణ. 2017లో మొదటి తరం రైజెన్‌తో బీ350 బోర్డు కొన్నవారిలో చాలామంది, 2022లో బయోస్ మార్చుకుని అదే బోర్డులో 5800ఎక్స్3డీ ప్రాసెసర్ పెట్టుకోగలిగారు. బోర్డు, ర్యామ్, క్యాబినెట్ ఏదీ మార్చకుండా వేగం ఎన్నో మెట్లు పెరిగింది. ఏఎం5 సాకెట్‌కు 2027, ఆ తర్వాత కూడా మద్దతు ఉంటుందని ఏఎండీ చెప్పింది. ఇంటెల్ 12, 13, 14 తరాల సాకెట్‌కు అలాంటి భవిష్యత్తు లేదు. కొన్నాక మళ్లీ పెట్టె తెరవనని ఖాయంగా తెలిసినవారు పాత సాకెట్‌లో డబ్బు మిగుల్చుకోవచ్చు. ఉద్యోగం వచ్చాక ఒక్కో భాగం మార్చుకుంటూ పోదామనుకునే విద్యార్థి మాత్రం ఏఎం5లో చిన్న ప్రాసెసర్‌తో మొదలుపెట్టడమే మేలు.

ర్యామ్ విషయంలో పాత సలహాలన్నీ ఇప్పుడు తిరగరాసుకోవాల్సి వచ్చింది. కృత్రిమ మేధ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఎగరేసుకుపోవడంతో 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. ఆ డిసెంబరులోనే మైక్రాన్ సంస్థ క్రూషియల్ పేరిట మామూలు వినియోగదారులకు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఇలాంటి కాలంలో 32 జీబీ కోసం గ్రాఫిక్స్ కార్డు వాటా కోయడం మంచిది కాదు, 16 జీబీతో మొదలుపెట్టవచ్చు. వీలైతే 8 జీబీవి రెండు. రెండు స్టిక్కులుంటే ప్రాసెసర్‌కు మెమరీతో రెండు దారులు తెరుచుకుంటాయి. గ్రాఫిక్స్ కార్డు లేకుండా రైజెన్ 5 5600జీ, 8600జీ లాంటివాటిలోని సొంత గ్రాఫిక్స్‌తోనే ఆడేవారికైతే రెండు స్టిక్కులు తప్పనిసరి. వాటికి విడిగా మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటాయి.

ఎస్‌ఎస్‌డీ గురించి ఎక్కువ చెప్పాల్సిన పనిలేదు. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఒక్కటే 150 జీబీ అడుగుతుంది కాబట్టి 512 జీబీ ఇట్టే నిండిపోతుంది. 1 టీబీ ఎన్‌వీఎంఈ తీసుకోవాలి. పెట్టె మీద సెకనుకు 7,000 ఎంబీ అని ఉన్నదానికీ 3,500 అని ఉన్నదానికీ ఆట తెరుచుకునే సమయంలో తేడా చాలా స్వల్పం.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర మాత్రం కాసేపు నిలబడాలి. కొటేషన్ ఎక్కువైనప్పుడు మొదట కోత పడేది దీనికే, పడకూడనిదీ దీనికే. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. పక్కనున్న పట్టిక చదవాలి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ 12 వోల్టుల లైను మీదే బతుకుతాయి. అక్కడ 15 ఆంపియర్లని ఉంటే పన్నెండు పదిహేన్లు నూట ఎనభై, అంటే నిజంగా వాడుకోగలిగింది 180 వాట్లే. ఆర్‌టీఎక్స్ 4060 కార్డు 115 వాట్లు తీసుకుంటుంది, రైజెన్ 5 5600 నిండు భారంలో 76 దాకా వెళ్తుంది. అప్పుడే 191. బోర్డు, ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ ఇంకా కలపనే లేదు. అన్నీ కలిపినా 250 వాట్ల లోపే ఉంటుంది కాబట్టి, పేరున్న కంపెనీ తయారుచేసిన అసలైన 500 లేదా 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఈ జంటకు ధారాళంగా సరిపోతుంది. 850 వాట్లు అక్కర్లేదు.

80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ గుర్తులు కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెబుతాయి. షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు, వోల్టేజి మితిమీరినప్పుడు లోపలి భాగాలను కాపాడుతుందా అన్నది ఆ గుర్తుతో తేలదు. దానికి సమీక్షలు చూడాలి, వారంటీ ఎన్నేళ్లో చూడాలి. అయిదేళ్లకు పైగా వారంటీ ఇచ్చే రకాలే ఎంచుకోవడం మంచిది. సెకండ్ హ్యాండ్‌లో ఎప్పటికీ కొనకూడని భాగం కూడా ఇదే.

కరెంటు వచ్చిపోయే ఊళ్లలో యూపీఎస్ ఖర్చు కూడా మొదటే లెక్కలో వేసుకోవాలి. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్ల దాకా మోస్తుంది. పైన చెప్పిన పెట్టె, మానిటర్ కలిపి దాని మీద కొద్ది నిమిషాలు నడుస్తాయి. ఆట సేవ్ చేసి ఆపడానికి అది చాలు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్‌తో నేటి ఎస్‌ఎంపీఎస్‌లకు సరిపడదు, సైన్ వేవ్ రకమే కావాలి. క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోందంటే ఇంటి ఎర్తింగ్ సరిగా లేదని అర్థం. వేల రూపాయల సామాను బిగించే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి అది సరిచేయించడం మనుషుల ప్రాణానికీ మంచిది, యంత్రానికీ మంచిది.

ఇక వేడి. విదేశీ సమీక్షల్లో కనిపించే ఉష్ణోగ్రతలు సాధారణంగా ఏసీ గదుల్లో కొలిచినవి. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో గది 40 డిగ్రీలుంటే, లోపలి భాగాల వేడి కూడా దాదాపు అంతే తేడాతో పైకి జరుగుతుంది. ముందు వైపు పూర్తిగా అద్దం మూసిన క్యాబినెట్ చూడ్డానికి బాగుంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. ముందు జాలీ ఉండి, గాలి లోపలికి లాగే ఫ్యాన్లు రెండు, వెనక బయటికి తోసేది ఒకటి ఉన్నది తీసుకోవాలి. దుమ్ము ఆపే ఫిల్టర్ తీసి కడుక్కునే వీలుండాలి. లైట్ల కోసం పెట్టే అదనపు రెండు వేలు ఎస్‌ఎంపీఎస్‌కో మెమరీకో మళ్లిస్తే రోజూ ఉపయోగపడతాయి.

మానిటర్ కాక 60,000 ఉన్నాయనుకుంటే పంపకం ఇలా మొదలుపెట్టవచ్చు: గ్రాఫిక్స్ కార్డుకు 25,000, ప్రాసెసర్, బోర్డు కలిపి 15,000, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ కలిపి 11,000, ఎస్‌ఎంపీఎస్‌కు 5,000, క్యాబినెట్‌కు 4,000. ఇది శిలాశాసనమేమీ కాదు. మెమరీ ధరలు మండుతున్నప్పుడు మూడో అంకె దాటిపోతుంది. అప్పుడు ఎస్‌ఎంపీఎస్‌ను ముట్టుకోకుండా, ప్రాసెసర్ ఒక మెట్టు దించడం లేదా క్యాబినెట్ సాదాది తీసుకోవడం దారి. పోటీ ఆటలే ఆడేవారు కార్డు వాటా నుంచి కొంత ప్రాసెసర్‌కు జరుపుకోవచ్చు. విండోస్ లైసెన్సు ఖర్చు కొటేషన్లలో తరచూ ఉండదు, అది అడిగి తెలుసుకోవాలి. లైనక్స్ ఉచితమే, చాలా ఆటలు దానిమీద చక్కగా నడుస్తాయి కూడా. వాలరెంట్ మాత్రం నడవదు.

అమెరికాలో ఉన్న అన్నయ్యో బాబాయో సెలవులకు వస్తూ కార్డు తెస్తానంటే సంతోషమే. ధర చాలాసార్లు తక్కువే పడుతుంది, కార్డుకూ ప్రాసెసర్‌కూ వోల్టేజి తేడాతో పని లేదు. అడగాల్సింది ఒకటే: ఆ కంపెనీ అక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ ఇస్తుందా? చాలా కార్డు కంపెనీలు కొన్న దేశానికే పరిమితం చేస్తాయి. మూడేళ్ల వారంటీని వదులుకునేంత లాభం ఉందో లేదో ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోవాలి.

సెకండ్ హ్యాండ్ కార్డుల గురించి భయాలు చాలా ఉన్నాయి. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం క్రిప్టోకరెన్సీ మైనింగ్ అక్కర్లేని పద్ధతికి మారడంతో, అప్పటిదాకా ఆ పనిలో వాడిన కార్డులు గుట్టలుగా మార్కెట్లోకి వచ్చాయి. వాటిలో బాగా పనిచేసేవీ ఉన్నాయి. చూసి కొనాలి, అంతే. అమ్మేవారి ఎదుటే జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి కోర్ల సంఖ్య, మెమరీ పరిమాణం ఆ మోడల్‌కు ఉండాల్సినట్టే ఉన్నాయో లేదో సరిచూడాలి. పాత చిప్‌కు కొత్త పేరు రాసి అమ్మే నకిలీలు చాలావరకు ఇక్కడే దొరికిపోతాయి. తర్వాత బరువైన ఆట ఒక అరగంట నడిపించి, తెర మీద చుక్కలు, గీతలు వస్తున్నాయా, ఫ్యాన్లు గరగరమంటున్నాయా చూడాలి. అసలు బిల్లు, ఇంకా మిగిలిన వారంటీ ఉంటే కొంత ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

కొత్తవి కొన్నప్పుడు జీఎస్టీ బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరు రాయించుకోవాలి. ప్రాసెసర్ సీలు వేసిన పెట్టెలో ఉన్నదే అడగాలి. పెట్టె లేకుండా విడిగా అమ్మే ట్రే రకానికి వారంటీ వేరుగా ఉంటుంది, చాలాసార్లు దుకాణం మాట మీదే ఆధారపడాల్సి వస్తుంది.

బిగింపు పూర్తయ్యాక ఆ సాయంత్రమే చూసుకోవాల్సినవి కొన్నున్నాయి. మానిటర్ కేబుల్ బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే తగిలించారా? విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 144 హెర్ట్జ్ ఎంచుకున్నారా? కొత్త మానిటర్ 60 దగ్గరే ఉండిపోవడం మామూలు. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేయకపోతే డీడీఆర్5 6000 ర్యామ్ 4800 వేగంతోనే నడుస్తూ ఉంటుంది, డబ్బు పెట్టి కొన్న వేగం వాడకుండా పడి ఉంటుంది. ఆ తర్వాత ఇష్టమైన ఆటను ఒక గంట ఆడుతూ ప్రాసెసర్, కార్డు ఉష్ణోగ్రతలు గమనించాలి. కార్డు వాడకం 95 శాతానికి పైగా ఉంటే అది పూర్తిగా పనిచేస్తోందని లెక్క. 60 దగ్గర ఆగిపోతూ ఫ్రేములు కూడా తక్కువగా ఉంటే, ఆట స్పష్టత తగ్గించి చూడాలి. అప్పుడూ ఫ్రేములు పెరగకపోతే ప్రాసెసరే వెనకబడుతోంది. ఏదైనా భాగంలో లోపం కనిపిస్తే, దుకాణం మార్చి ఇచ్చే గడువు చాలాచోట్ల కొద్ది రోజులే కాబట్టి, ఈ పరీక్షలన్నీ మొదటి వారంలోనే ముగించి, పెట్టెలూ బిల్లులూ అప్పటిదాకా ఒక్కటీ పారేయకుండా ఉంచాలి.